‘సంశయం’లో సున్నని ‘మ్’ అనాలా, ‘న్’ అనాలా? అనుస్వారం, అనునాసికం ఒకటేనా?

మీరు అడిగింది ఒక ప్రశ్నలా కనిపిస్తున్నా అందులో మూడున్నాయి. ‘సంశయ’, ‘సింహ’, ‘సంస్కృత’ లాంటి మాటల్లో సున్నని ఎలా పలకాలన్నది మొదటిది. అనుస్వారం, అనునాసికం ఒకటేనా అన్నది రెండోది. ‘బ్రహ్మ’, ‘జ్ఞానం’ ఎలా పలకాలన్నది చివర్లో కలిపారు. మీకు పాఠం చెప్పినవారిలో ఒకరు ‘సమ్శయ’ తప్పన్నారని, ఇంకొకరు అదే సరైనదన్నారని, దాంతో నోరు తెరవాలంటేనే టెన్షన్‌గా ఉందని రాశారు. ఆ టెన్షన్ అక్కర్లేదు. మొదటాయన శాస్త్రం చెప్పారు, రెండో ఆయన తెలుగు నోటి అలవాటు చెప్పారు.

ముందు మన లిపి పెట్టే తిరకాసు చూడండి. గంగ, పంచ, కంఠం, దంతం, కంపం. అయిదు మాటల్లోనూ మొదటి అక్షరం పక్కన అదే సున్న. కానీ పైకి అంటూ నాలుక మీద దృష్టి పెట్టండి. ‘గంగ’లో నాలుక వెనక భాగం పైకి లేస్తుంది, ‘పంచ’లో మధ్యభాగం అంగిలిని తాకుతుంది, ‘కంఠం’లో కొన వెనక్కి మడుస్తుంది, ‘దంతం’లో పళ్లను తాకుతుంది, ‘కంపం’లో నాలుకకు పనే లేదు, పెదవులు మూసుకుంటాయి. అంటే మనం పలుకుతున్నవి ఙ, ఞ, ణ, న, మ. వాటిలో ఏదీ అనుస్వారం కాదు. పాత పుస్తకాల్లో గఙ్గ, పఞ్చ, కణ్ఠము అని అచ్చువేసేవారు. రాయడానికి సులువని అన్నిటికీ సున్న పెట్టేశాం. తెలుగు చదవడానికి దానివల్ల నష్టమేమీ లేదు, ఎందుకంటే తర్వాతి అక్షరమే నాలుకను సరైన చోటికి లాక్కెళుతుంది. ఇబ్బందల్లా ‘సున్న అంటే అనుస్వారం, అనుస్వారం అంటే మ్’ అని మనసులో ముద్ర పడిపోవడం.

ఇప్పుడు సంస్కృత వ్యాకరణం ‘అష్టాధ్యాయి’ రాసిన పాణిని ఏమన్నాడో చూద్దాం. అనునాసికానికి ఆయన ఇచ్చిన లక్షణం ‘ముఖనాసికావచనోఽనునాసికః’ (1.1.8, అంటే ఒకటో అధ్యాయం, ఒకటో పాదం, ఎనిమిదో సూత్రం). నోరు, ముక్కు రెండూ కలిసి పలికేది అనునాసికం. సూత్రంలో ‘ముఖ’ అనే మాట ఎందుకు, ‘నాసిక’ చాలదా అని అష్టాధ్యాయికి వ్యాఖ్య అయిన కాశికావృత్తి ప్రశ్న వేసి, అది లేకపోతే అనుస్వారానికి మాత్రమే ఆ పేరు వస్తుందని జవాబు చెబుతుంది. మీ రెండో ప్రశ్నకు సమాధానం ఆ ఒక్క వాక్యంలో ఉంది. అనుస్వారానికి స్థానం ముక్కు ఒక్కటే, నోట్లో ఎక్కడా తాకుడు లేదు. ఙ ఞ ణ న మలకు కంఠం, తాలువు, మూర్ధం, దంతాలు, ఓష్ఠాలు అనే తమ తమ స్థానాలున్నాయి, వాటికి తోడు ముక్కు. అందుకే అవి అనునాసికాలు.

ముక్కు పట్టుకుని ‘అమ్మ’ అనండి. ‘అబ్బ’ అని వినిపిస్తుంది. నేను పాఠం మొదలుపెట్టేది ఎప్పుడూ ఈ సరదాతోనే. గాలి ముక్కులోంచి పోలేదు కాబట్టి మ కాస్తా బ అయింది. నోటి పని రెండింటికీ ఒకటే.

అనునాసికం అంటే హల్లులే అనుకోకూడదు. అచ్చులు కూడా అనునాసికాలవుతాయి. అకారానికి 18 భేదాలని చెప్పేది ఇందుకే: హ్రస్వం, దీర్ఘం, ప్లుతం (దీర్ఘం కన్నా సాగేది) మూడు, ఒక్కోదానికి ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం అని మూడు స్వరాలు (గొంతు ఎత్తు తేడాలు), ఆ తొమ్మిదీ ముక్కుతో ఒకసారి, ముక్కు లేకుండా ఒకసారి. య, వ, ల కూడా రెండేసి రకాలు. రేఫకు, అంటే ర అక్షరానికి, ఆ అవకాశం లేదు, ఈ సంగతి కాసేపట్లో పనికొస్తుంది.

రెండింటికీ ఇంకో తేడా ఛందస్సులో దొరుకుతుంది. అనునాసికత్వం అచ్చుకున్న గుణం, పూవుకు వాసనలాగ. దానికి విడిగా కాలం లేదు. అనుస్వారం అలా కాదు, అచ్చు తర్వాత తన కాలం తీసుకుని నిలబడే ధ్వని, అందుకే దాని ముందున్న హ్రస్వం గురువవుతుంది. తెలుగు పద్యంలోనూ ఇంతే కదా, నిండుసున్న ఉంటే గురువు, అరసున్న ఉంటే లఘువు లఘువుగానే ఉంటుంది. ఒక జాగ్రత్త: తెలుగులో అరసున్నని ఇప్పుడు ఎవరూ పలకరు. సంస్కృత పాఠంలో అదే గుర్తు (ఁ) కనిపిస్తే మాత్రం పలకాల్సిందే.

ఇక అసలు విషయానికి, సున్న ఎలా పుడుతుంది, ఎక్కడ మిగులుతుంది అన్నదానికి వద్దాం. మూడు సూత్రాలు చాలు. ‘మోఽనుస్వారః’ (8.3.23): పదం చివరి మకారం తర్వాత హల్లు వస్తే అనుస్వారమవుతుంది. ‘నశ్చాపదాన్తస్య ఝలి’ (8.3.24): పదం మధ్యలో ఉన్న న, మలు కూడా ఝల్ పరమైతే, అంటే తర్వాత వస్తే, అనుస్వారమవుతాయి. ఝల్ అంటే వర్గాల్లో మొదటి నాలుగేసి అక్షరాలు, శ ష స హలు. ఆ తర్వాత ‘అనుస్వారస్య యయి పరసవర్ణః’ (8.4.58): శ ష స హ తప్ప మరే హల్లు పరమైనా అనుస్వారం ఆ హల్లుకు సవర్ణమైన, అంటే అదే చోట పలికే, అనునాసికంగా మారిపోతుంది. ‘శమ్ + త’ ముందు ‘శాం + త’ అయి, వెంటనే ‘శాన్త’ అవుతుంది. మకారం నేరుగా నకారం కాలేదు, అనుస్వారం అనే జంక్షన్‌లో దిగి బండి మారింది.

మరి అనుస్వారం బండి మారకుండా ఆ జంక్షన్‌లోనే ఉండిపోయేది ఎప్పుడు? శ ష స హ ముందు సూత్రమే వర్తించదు. రేఫ ముందు వర్తిస్తుంది కానీ రేఫకు సవర్ణమే లేదు, కాబట్టి మారడానికి రూపం లేదు. అంటే ర, శ, ష, స, హ. ఈ అయిదింటి ముందు ఉన్నదే నికరమైన అనుస్వారం: సంరక్షణ, సంశయ, హవీంషి, హంస, సింహ. ఉచ్చారణ గురించి చెప్పే పాణినీయ శిక్ష అనే గ్రంథం కూడా ఇదే జాబితా ఇస్తుంది, ‘హ్రోః శషసేషు చ’ అని. అక్కడే ఎలా పలకాలో ఒక పోలిక చెప్పింది: ‘అలాబువీణానిర్ఘోషః’, అంటే సొరకాయ బుర్ర కట్టిన వీణ నాదంలా. బుర్రలో గుమ్మని మోగే నాదానికి పెదవులు లేవు, నాలుక లేదు. ఇంతకంటే మంచి పోలిక నాకు ఎక్కడా కనబడలేదు.

అలా పలకడం సాధన చేయాలంటే: ‘హ’ అని మొదలుపెట్టి నోరు అలాగే కొద్దిగా తెరిచి ఉంచండి. పెదవులు కలపొద్దు, నాలుకను కింద పడి ఉండనివ్వండి. ఇప్పుడు నాదాన్ని ముక్కులోకి మళ్లించి ఒక్క క్షణం మోగనిచ్చి ‘స’లోకి దిగండి. హం...స. అద్దం ముందు చేస్తే పెదవులు కలిశాయో లేదో తెలిసిపోతుంది. తెలుగువాళ్లం అక్కడ పెదవులు మూసి ‘హమ్స’ అంటాం, హిందీవాళ్లు నాలుక ఆనించి ‘హన్స’ అంటారు. రెండూ అసలు ధ్వనికి దగ్గరివే, రెండూ అది కాదు. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: మ్ కాదు, న్ కాదు. రోజువారీ సంభాషణలో ‘సమ్శయ’ అన్నవారిని నేను దిద్దను. శ్లోకం చెబుతున్నప్పుడు మాత్రం దిద్దుతాను.

వేదంలో సంగతి వేరు. ‘భద్రం కర్ణేభిః’ శాంతిమంత్రం మీరు వినే ఉంటారు. ఋగ్వేద పాఠంలో ‘తుష్టువాంసస్తనూభిః’ అని ఉన్నదాన్ని మన తైత్తిరీయులు (కృష్ణయజుర్వేద శాఖవారు) ‘తుష్టువాగ్ంసస్తనూభిః’ అంటారు. పురుషసూక్తంలో ‘పురుష ఏవేదం సర్వం’ వాళ్ల నోట ‘ఏవేదగ్ం సర్వమ్’ అవుతుంది. తెలుగు అచ్చు పుస్తకాల్లో ‘గ్ం’ అనే వేస్తారు. అది ఎక్కడెక్కడ వస్తుందో చూడండి: అవే అయిదు, ర శ ష స హ ముందు. వ్యాకరణం లెక్కతో ఎక్కడ అనుస్వారం మిగిలిందో సరిగ్గా అక్కడే ఆ శాఖవారి నోట ప్రత్యేక ధ్వని నిలబడి ఉంది. అయితే ఆ అలవాటును కావ్యంలోకి తేకండి. గీత చదువుతూ ‘సిగ్ంహనాదం’ అన్నవారిని విన్నాను.

పదం చివర సున్న గురించి రెండు మాటలు. ‘మోఽనుస్వారః’ హల్లు పరమైతేనే. వాక్యం అక్కడితో ఆగిపోతే అది మకారమే, ‘వనమ్’ అని పెదవులు మూసి పలకాలి, నిజానికి అలాగే రాయాలి కూడా. అచ్చు పరమైనా మకారమే, ‘వనమత్ర’ అవుతుంది కానీ ‘వనం అత్ర’ కాదు. సంస్కృతం రాసే మనవాళ్లలో నాకు ఎక్కువగా కనిపించే తప్పు ఇది. హల్లు పరమైనప్పుడు పదాంతంలో పరసవర్ణం ఐచ్ఛికం, ‘వా పదాన్తస్య’ (8.4.59). ‘త్వం కరోషి’, ‘త్వఙ్కరోషి’ రెండూ సాధువులే. ‘సమ్’ ఉపసర్గ కూడా పదమే కాబట్టి సంగమ, సఙ్గమ రెండూ ఒప్పే. ‘సంవత్సర’ని సున్నతో పలకొచ్చు, లేదా వకారాన్నే ముక్కుతో పలికి ‘సవ్ఁవత్సర’ అనవచ్చు. అనునాసిక యవలలుంటాయని ఇందాక చెప్పింది ఇక్కడ ఉపయోగపడింది. అదే పదం లోపలయితే ఐచ్ఛికం లేదు: అఙ్కిత, అఞ్చిత, కుణ్ఠిత, శాన్త, గుమ్ఫిత.

తెలుగు రాతలోనే దాగి ఉన్న ఒక ముచ్చట చెబుతాను. ‘సంరక్షణ’ని సున్నతో రాస్తాం, ‘సామ్రాజ్యం’, ‘సమ్రాట్’ మాత్రం మకారానికి రేఫ తగిలించి రాస్తాం. రెండింటిలోనూ ఉన్నది ‘సమ్’ ఉపసర్గే, పరమైంది రేఫే. ఎందుకీ పక్షపాతం? ‘మో రాజి సమః క్వౌ’ (8.3.25) అని పాణిని ఆ ఒక్క మాట కోసం ప్రత్యేకంగా సూత్రం చేశాడు. క్విప్ అనే (రూపం ఏమీ మిగలని) ప్రత్యయం చేరిన ‘రాజ్’ పరమైతే ‘సమ్’లోని మకారం మకారంగానే ఉంటుంది. అలాగే ‘రమ్యం’లో మకారం, ‘సంయమం’లో సున్న. రమ్యంలోని మకారం పదాంతం కాదు, యకారం ఝల్ కాదు, కాబట్టి రెండు సూత్రాల్లో ఏదీ దాన్ని ముట్టుకోలేదు. వ్యాకరణం చదవని తెలుగువాడు కూడా ఈ మాటల్ని తప్పు రాయడు.

‘కుర్వన్తి’ది ఇంకా గమ్మత్తు. రేఫ తర్వాత నకారం ఉంది, మధ్యలో వకారం, అకారం మాత్రమే. ‘అట్కుప్వాఙ్నుమ్వ్యవాయేఽపి’ (8.4.2) ప్రకారం అది ణకారం కావాలి. ఎందుకు కాలేదు? అష్టాధ్యాయి చివరి మూడు పాదాల్లో తర్వాతి సూత్రం చేసిన పని అంతకు ముందరి సూత్రానికి కనబడదు. అనుస్వారం చేసే 8.3.24 దృష్టిలో ణత్వ సూత్రం (నకారాన్ని ణకారం చేసే 8.4.2) ఇంకా లేనట్టే, కాబట్టి అది నకారాన్ని ముందే అనుస్వారం చేసేస్తుంది. తర్వాత 8.4.58 దాన్ని మళ్లీ నకారం చేస్తుంది. ఇప్పుడు ణత్వం చేద్దామంటే, ఈ కొత్త నకారం తర్వాతి సూత్రం చేసింది కాబట్టి 8.4.2కి కనబడదు. నకారం అనుస్వారం వేషం వేసుకుని గేటు దాటి, అవతల వేషం తీసేసింది! తెలుగులో ‘కుర్వంతి’ అని సున్న పెట్టి రాసేసరికి ఈ నాటకమంతా తెరవెనకే ఉండిపోతుంది. పరసవర్ణమే చేయాల్సిన చోట అనుస్వారం అనే మజిలీ ఎందుకని నేను విద్యార్థిగా చాలా విసుక్కున్నాను. ఈ ఒక్క రూపం సాధించాక నోరు మూసుకున్నాను.

అనునాసిక అచ్చు ప్రయోగంలో ఎక్కడుందని మీకు సందేహం రావచ్చు. ఋగ్వేదం మొదటి సూక్తం రెండో మంత్రంలోనే ఉంది: ‘స దేవాఁ ఏహ వక్షతి’. అసలు పదం ‘దేవాన్’. నకారం పోయింది, దాని ముక్కు ఆకారానికి అంటుకుంది. దీన్నే రంగం అంటారు. ఎలా పలకాలో చెప్పడానికి శిక్షాకారుడు సౌరాష్ట్ర స్త్రీ మజ్జిగమ్మా అని కేకవేసినట్టు ఉండాలన్నాడు. ‘యథా సౌరాష్ట్రికా నారీ’ అని మొదలయ్యే శ్లోకం అది, తక్రం అన్న మాట చివరి అచ్చును ఆమె ముక్కుతో సాగదీస్తుందట. ఎప్పటి మజ్జిగ అమ్మే మనిషో, ఆమె గొంతు ఒక్కటి శాస్త్రంలో ఇలా నిలిచిపోయింది.

లౌకిక సంస్కృతంలో ఇది ‘తాంస్తితిక్షస్వ’, ‘ప్రజ్ఞావాదాంశ్చ’ లాంటి చోట్ల వస్తుంది. ‘తాన్’, ‘వాదాన్’లలోని నకారం రుత్వం పొంది (ముందు ‘రు’గా మారి) స, శలవుతుంది, ముందున్న అచ్చు వికల్పంగా అనునాసికమవుతుంది (8.3.2), కాని పక్షంలో అచ్చు తర్వాత అనుస్వారం వస్తుంది (8.3.4). పుస్తకాల్లో అనుస్వార పక్షమే అచ్చవుతుంది. ‘సంస్కృత’ మాట కూడా ఈ కోవలోదే. ‘సమ్’కు, ‘కృ’కు మధ్య ‘సుట్’ అనే ఆగమంగా వచ్చి చేరిన సకారం అందులో ఉంది. ‘సంస్కర్తా’ అనే రూపంలో ఈ వికల్పాలు, ద్విత్వాలు అన్నీ గుణించి భట్టోజీ దీక్షితులు అష్టాధ్యాయి సూత్రాలను వివరించే తన సిద్ధాన్తకౌముదిలో 108 రూపాలు లెక్కతేల్చాడు. తకార ద్విత్వాలతో 54, చివరి ఆకారానికి అనునాసిక పక్షంతో దానికి రెట్టింపు. ఎవరో 108 రకాలుగా పలికారని కాదు, శాస్త్రం ఎంతవరకు అనుమతిస్తుందో చూపించాడంతే. ఈ మాటనే ఎలా పలకాలని మీరు అడగడం నాకు భలే అనిపించింది.

‘బ్రహ్మ’ దగ్గరకు వద్దాం. రాతలో హకారం ముందు, మకారం తర్వాత. మనం ‘బ్రమ్హ’ అని తిరగేస్తాం, ‘చిహ్నం’ని ‘చిన్హం’ అంటాం. శిక్ష ప్రకారం వర్గ పంచమాక్షరాలతో గాని య ర ల వలతో గాని కలిసిన హకారం ‘ఔరస్యం’, అంటే రొమ్ములోంచి రావాలి, ఒంటరి హకారం కంఠ్యం. తైత్తిరీయ శాఖ ఉచ్చారణ నియమాల గ్రంథమైన తైత్తిరీయ ప్రాతిశాఖ్య ఇంకొంచెం ముందుకెళ్లి, హకారానికి, తర్వాతి న, ణ, మలకు మధ్య ‘నాసిక్యం’ అనే ధ్వని వస్తుందంటుంది. చేసి చూస్తే అర్థమవుతుంది. ‘బ్రహ్’ దగ్గర ఊపిరి వదులుతూనే ముక్కు తెరుచుకుంటుంది, హకారం సగం ముక్కులోంచే పోతుంది. పాణిని చెవికీ ఇది తెలుసు. మకారం తర్వాత హ, హ తర్వాత మళ్లీ మ ఉంటే మొదటి మకారం అనుస్వారం కాకుండా ఉండవచ్చని ‘హే మపరే వా’ (8.3.26) చెప్పాడు: ‘కిమ్ హ్మలయతి’. తర్వాతి సూత్రంతో ‘కిన్ హ్నుతే’ కూడా. మధ్యలో హకారం అడ్డున్నా అవతలి అనునాసికం ఇవతలి దాన్ని తనవైపు లాగుతోందన్నమాట. కాబట్టి ‘బ్రమ్హ’ అనేవాళ్లకు కారణం లేకపోలేదు, వరుస మాత్రం తప్పింది. ‘బ్ర’ తర్వాత పెదవులు తెరిచే ఉంచి ఊపిరి వదిలి, అప్పుడు మూయండి. నెమ్మదిగా పదిసార్లు చేస్తే పట్టుబడుతుంది.

దీనికి తోడుగా యమాలున్నాయి. వర్గంలో మొదటి నాలుగు అక్షరాల్లో ఒకటి పంచమాక్షరంతో కలిస్తే మధ్యలో మొదటిదాన్నే పోలిన ముక్కు ధ్వని పుడుతుందని ప్రాతిశాఖ్యలు అంటాయి. కౌముదిలో ఉదాహరణలు పలిక్క్నీ, అగ్గ్నిః. నాలుక ఇంకా గకారం పట్టు విడవకముందే ముక్కు దారి తెరుచుకోవడం దీనికి కారణం. పట్టులో ఉన్న గాలి నోట్లోంచి కాక ముక్కులోంచి విడుదలవుతుంది.

‘జ్ఞ’ కథ ఇక్కడే. శాస్త్రం ప్రకారం అది జ్ + ఞ, అనుమానం లేదు. ‘యజ్’ ధాతువుకు ‘న’ ప్రత్యయం చేరి, జకారం పక్కనున్న నకారం ఞకారమై ‘యజ్ఞ’ అయింది. తెలుగులో దాన్ని ‘గ్న్య’కు దగ్గరగా అంటాం, హిందీలో ‘గ్య’, మరాఠీలో ‘ద్న్య’. ముగ్గురం కూడా జకారాన్ని వదిలేశాం. జకారం తర్వాత యమం, ఆపైన ఞకారం, అన్నీ నాలుక మధ్యభాగం ఒకే చోట ఆనించి ముక్కుతో చెప్పాలి, కష్టమే మరి. మన వికృతులు చూడండి: యజ్ఞం జన్నం, సంజ్ఞ సన్న, ఆజ్ఞ ఆన, రాజ్ఞి రాణి. ఒక్కదాంట్లోనూ గకారం జాడ లేదు, అన్నిటిలో ముక్కు మాత్రం నిలిచింది. పలకడానికి నా సలహా: ముందు ‘అఞ్జ’ అనండి, నాలుక ఎక్కడ ఆనిందో గుర్తుపెట్టుకోండి. అక్కడి నుంచి నాలుకను కదల్చకుండా తలకిందులు చేయండి, ‘అజ్ఞ’. జకారాన్ని విడిచి మళ్లీ ఞకారం పట్టుకుంటే ‘అజిఞ’ అయిపోతుంది, విడవకూడదు. మొదటి వారం వింతగా ఉంటుంది, నవ్వుకునేవాళ్లూ ఉంటారు.

ఇంకొక్కటి, అడగలేదు గానీ మీ ప్రశ్నలో మీరే రాశారు కాబట్టి చెబుతున్నాను. ‘వాజ్మయం’ కాదు, ‘వాఙ్మయం’. ఙకారం జకారంలా కనబడుతుందని చాలామంది అలా టైప్ చేస్తారు. ‘వాక్ + మయ’లో మకారం ముందు కకారం తన వర్గంలోని అనునాసికం, అంటే ఙ అయింది. ‘వాంగ్మయం’ అని మధ్యలో గకారం కూడా పెట్టొద్దు. ‘గంగ’ అనబోయి ‘గం’ దగ్గర ఆగి, రెండో గ అనకుండా నేరుగా ‘మ’ అనండి, ఆ ధ్వని అదే.